మేనత్త పోలిక

గుడివాడలో రాధాకృష్ణమూర్తి మాస్టారి ఇంట్లో తుమ్ముకి కూడా వంశం ఉంటుంది. మాస్టారు తుమ్మితే అది వాళ్ళ నాన్నగారి తుమ్ము. ఆయన చేతిరాత మేనమామది, కోపం పెదనాన్నది. ఎవరికి ఏది ఎక్కడినుంచి వచ్చిందో తేల్చే అధికారం ఆయన తల్లిది, అంటే ఉమాశ్రీకి బామ్మది. ఎనభై నాలుగేళ్ళొచ్చినా ఆవిడ ఆ అధికారం ఎవరికీ వదల్లేదు.

ఉమాశ్రీ పుట్టిన గంటకే ఆవిడ పొత్తిళ్ళలోని పిల్ల చెవులు పరీక్షగా చూసి, “అచ్చం మేనత్త పోలిక!” అని తీర్పు చెప్పేసింది. మేనత్త అంటే మాస్టారి చెల్లెలు రామలక్ష్మి. తర్వాత పిల్ల కాకరకాయ తినకపోతే, రామలక్ష్మి తిన్నదా అన్నారు. లెక్కల్లో ముప్ఫై ఎనిమిది వస్తే, రామలక్ష్మికీ అంతేగా అని ముచ్చటపడ్డారు. తిట్లు తప్పుతున్నాయి కాబట్టి ఉమాశ్రీ కూడా ఎప్పుడూ కాదనలేదు.

చిక్కల్లా నీళ్ళతోనే వచ్చింది. రామలక్ష్మికి పదేళ్ళప్పుడు ఇంటిల్లిపాదీ మాఘపౌర్ణమి స్నానానికి హంసలదీవి బయల్దేరితే, పడవ రేవులో ఆమె తల తిరిగి కూలబడిపోయిందట. అందుకని ఉమాశ్రీని పుట్టినప్పటినుంచీ పడవ ఎక్కనివ్వలేదు. స్కూలు వాళ్ళు విహారయాత్రకి తీసుకెళ్తే, పిల్లలంతా పడవలో కేకలు పెడుతుంటే తను ఒడ్డున కూర్చుని నలభై జతల చెప్పులకి కాపలా కాసింది. కాలవ వంతెన దాటేటప్పుడు ఇప్పటికీ కిందికి చూడదు. చూస్తే నిజంగానే తల తిరుగుతుంది మరి!

అలాంటి పిల్లకి ఇరవై ఆరేళ్ళ వయసులో నాగాయలంకలో ఉద్యోగం వచ్చింది. రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే లాబ్‌లో. తను చదివిన చదువుకి సరిగ్గా సరిపోయే ఉద్యోగం, తను రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నది. కాకపోతే సగం చెరువులు ఏటి మధ్య లంకల్లో ఉన్నాయి. వారానికి మూడు రోజులు పడవ మీద వెళ్ళి నీళ్ళు పట్టుకురావాలి. వస్తారో రారో సోమవారంలోగా చెప్పమన్నారు.

“నీళ్ళు మనకి పడవమ్మా. నీది రామలక్ష్మి పోలిక” అంది బామ్మ.

“వద్దులేమ్మా, ఇక్కడే ఏదో ఒకటి దొరక్కపోదు” అన్నారు మాస్టారు.

ఆ మాట వినగానే ఉమాశ్రీకి లోపల ఎక్కడో హమ్మయ్య అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. శనివారం పొద్దున్నే బందరు బస్సెక్కింది. ఈ జబ్బుకి మందేమైనా ఉంటే, ఆ జబ్బు మొదట తెచ్చుకున్న మనిషికే తెలియాలి కదా.

రామలక్ష్మి బందరు కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైంది. మేనకోడలు చెప్పిందంతా విని, పకోడీల పళ్ళెం ముందుకి తోసి, పడీపడీ నవ్వింది.

“ఆ రోజు నాకు తల తిరగనే లేదే పిల్లా!”

“మరి?”

“కొత్త పట్టు పరికిణీ కట్టుకున్నా. పడవెక్కాలంటే మోకాలి లోతు బురదలో దిగాలి. పరికిణీ పాడవుతుందంటే మీ తాతగారు వీపు విమానం మోత మోగించేవారు. అందుకని తల తిరుగుతోందన్నా. దెబ్బకి నీడలో కూర్చోబెట్టి గోలీసోడా కొనిపెట్టారు.”

“బామ్మ నమ్మిందా?”

“నమ్మడమేమిటి, కారణం కూడా చెప్పింది. మా మేనత్త కనకమ్మ పోలికట. పాపం, ఆవిడ ఏ పరికిణీ దాచుకుందో!”

ఉమాశ్రీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇద్దరు మేనత్తలు, ఒక పట్టు పరికిణీ కలిసి తన చేత చెప్పులకి కాపలా కాయించాయన్నమాట.

“అయితే నీకు నీళ్ళంటే భయం లేదా అత్తయ్యా?”

రామలక్ష్మి నవ్వు ఆగిపోయింది. “ఉంది. అదే విచిత్రం. అందరూ అనగా అనగా పదిహేనేళ్ళకల్లా నిజంగానే తల తిరగడం మొదలెట్టింది. ముప్ఫై ఏళ్ళుగా బందర్లో ఉంటున్నాను, మంగినపూడి సముద్రానికి వెళ్తే ఇసకలోనే నుంచుంటాను.” పళ్ళెం పక్కకి నెట్టి లేచింది. “రేపు ఆదివారమేగా? పద, చూద్దాం.”

మర్నాడు ఇద్దరూ నాగాయలంక రేవులో దిగారు. లాబ్ వాళ్ళని ఎక్కించుకెళ్ళే ఇంజను పడవ దైవాధీనం అనే అతనిది. చర్చిలో ఆదివారం ఆరాధన ముగించుకుని, ఇస్త్రీ చొక్కా మీదే వచ్చాడు. మేనత్తా మేనకోడలూ ఒకరి చెయ్యి ఒకరు నలిపేస్తూ ఎక్కారు. ఇంజను మోగింది. ఒడ్డు జరిగింది.

రామలక్ష్మి కళ్ళు గట్టిగా మూసుకుంది. తర్వాత ఒకటి తెరిచింది. తర్వాత రెండోది. ఏరు ఇంత వెడల్పు, అవతల మడ చెట్లు, మొహానికి ఉప్పు గాలి. “ఏమీ అవట్లేదే!” అని అరిచింది. లేచి ముందుకెళ్ళి కూర్చుని, చెయ్యి నీళ్ళలో పెట్టింది. యాభై ఏళ్ళ బాకీ ఒక్కసారి వసూలు చేసుకుంటున్నట్టు, “ఇంకాస్త స్పీడుగా పోనివ్వండి దైవాధీనం గారూ!” అంటోంది.

సరిగ్గా అప్పుడే వెనక ఉమాశ్రీ వాంతి చేసుకుంది.

“బయటికి వంగండమ్మా, సిగ్గుపడకండి. మా ఇంటావిడకి కూడా మొదట్లో ఇంతే. పది ట్రిప్పులకి అలవాటైపోద్ది” అన్నాడు దైవాధీనం, ఇంజను నెమ్మది చేస్తూ.

రామలక్ష్మి పరుగున వచ్చి వీపు నిమిరింది. కంగారులో ఆవిడ నోట్లోంచి వచ్చిన మాట ఇది: “అదేమిటే! నా పోలికైతే నీకు వాంతవకూడదే!”

ఉమాశ్రీ మొహం కడుక్కుని అత్తయ్య వంక చూసింది. కడుపులో తిప్పుతూనే ఉంది. అయినా నవ్వు ఆగలేదు. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి, ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోనిది ఒకటి తన దగ్గర ఉంది. అది వాంతే కావచ్చు. ఆమెకి మాత్రం ఎంత సంతోషంగా ఉందంటే, ఆ సంతోషానికి ఇంకోసారి వంగాల్సి వచ్చింది.

లంక ఒడ్డున దిగాక నాన్నకి ఫోన్ చేసింది.

“నాన్నా, పడవెక్కి లంకకొచ్చాను. ఉద్యోగంలో చేరిపోతున్నాను.”

“తల తిరగలేదామ్మా?”

“తిరిగింది. రెండుసార్లు వాంతి కూడా అయింది.”

“మరి ఎలాగమ్మా?”

“అది అత్తయ్యది కాదు నాన్నా, నాదే. నాది కాబట్టి నేను చూసుకుంటాను.”

మాస్టారి వెనక నుంచి, స్పీకర్లో అంతా విన్న బామ్మ గొంతు ఖంగున మోగింది.

“వాంతా? అయితే అది వాళ్ళమ్మ వైపు పోలికే! మన వైపు ఎవరికీ లేదు!”

“సరే బామ్మా, అలాగే రాసుకో” అంది ఉమాశ్రీ. ఫోన్ పెట్టేసి, పడవలో లాబ్ వాళ్ళు ఉంచిన ఖాళీ సీసా ఒకటి పట్టుకుని, నీళ్ళు పట్టడానికి మొదటి చెరువు వైపు నడిచింది.