బొట్టు పెట్టిన ఫ్లాపీ

కంప్యూటర్ గురించి ఎవరైనా చిట్కాలు చెప్పబోతే నాకు ఒళ్లు మండుతుంది. నా చిట్కాలన్నీ నేను దెబ్బలు తిని నేర్చుకున్నవి. 1988లో నూజివీడులో మామిడికాయల షావుకారు సత్యనారాయణమూర్తిగారి ఆఫీసులో టైపిస్టుగా ఉండేదాన్ని. ఆయన బెజవాడ నుంచి ఒక కంప్యూటర్ తెప్పించారు. తెప్పించిన మర్నాటి నుంచే దాన్ని అనుమానించడం మొదలుపెట్టారు.

నాకు మాత్రం అదంటే ప్రాణం. ఉత్తరం ఒక్కసారి కొట్టి, పేర్ల జాబితా విడిగా ఇస్తే, ఎవరి పేరుతో వాళ్లకి దానంతటదే అచ్చేసేది. ఢిల్లీ, నాగపూర్ వ్యాపారులు రెండు వందల నలభై మంది చిరునామాలు పదకొండు రోజులు కూర్చుని ఎక్కించాను. తొలి కోత నాటికి ఉత్తరాలు పోస్టులో పడితే ఉద్యోగం ఖాయం, లేకపోతే మిషనూ నువ్వూ ఇంటికేనని షావుకారుగారు తేల్చి చెప్పారు. ఆ మాట మా అమ్మ రిబ్కమ్మకి చెప్పలేదు. చెబితే ఉపవాస ప్రార్థన మొదలుపెడుతుంది.

ఆ మిషన్ తనలో ఏదీ దాచుకునేది కాదు. అంతా ఫ్లాపీల్లోనే. పల్చటి నల్లటి అట్ట, లోపల గుండ్రటి రేకు, ఆ రేకు కాస్త కనిపించేలా అట్టకి చిన్న కిటికీ. అక్కడ వేలు కూడా తగలకూడదు. జాగ్రత్త కోసం జాబితాని రెండు ఫ్లాపీల్లో దాచాను. రెండూ ఒకే సొరుగులో పెట్టాను. నా తెలివి అక్కడికే.

తొలి కోత ముందు రోజు పొద్దున షావుకారుగారి భార్య పుష్పావతిగారు కాయలు కోసే చిక్కాలకీ, తూచే కాటాకీ పసుపు రాసి బొట్లు పెడుతూ ఆఫీసులోకి వచ్చారు. ఏటా చేసేదే. నేను టీ తాగి వచ్చేసరికి టైప్ మిషన్‌కి బొట్టు, కంప్యూటర్‌కి బొట్టు. సొరుగులోంచి తీసిన ఫ్లాపీకి నాలుగు మూలలా తడి పసుపు, సరిగ్గా కిటికీ మీద కుంకుమ. ఆ కిటికీ ఆవిడకి నుదురులా అనిపించిందట. ఒకదానికి పెట్టి ఇంకోదాన్ని వదిలేస్తే బాగుండదని రెండోదానికీ పెట్టారట.

మిషన్ రెండిట్నీ చదవనంది. పదకొండు రోజుల పని ఒక్క పూటలో మళ్లీ చెయ్యడం నావల్ల కాదు. ఏడుపొచ్చింది, ఆవిడ మీద కోపమూ వచ్చింది, రెండూ దాచుకోలేదు. సంగతి వినగానే ఆవిడ ముఖం పాలిపోయింది. ఫ్లాపీని కాసేపు అటూ ఇటూ తిప్పి చూశారు.

"సొన అంటిన కాయని ఏం చేస్తామే విజయా? కడిగి నీడన ఆరబెడతాం. దీన్ని కడక్కూడదా?"

ఇంక పోయేదేముంది అనుకున్నాను. ఒకదాని అట్ట అంచు బ్లేడుతో కోసి రేకు బయటికి తీశాను. ఆవిడ పసిపాపకి పోసినట్టు నీళ్లు పోశారు. పాత చీర ముక్క మీద నీడన ఆరబెట్టాం. ఒక ఖాళీ ఫ్లాపీ అట్ట కోసి, దాని రేకు తీసేసి, దీన్ని అందులో దూర్చాను. మిషన్ గరగరలాడింది, ఆగింది, మళ్లీ గరగరలాడింది. జాబితా తెర మీదికొచ్చింది. ఉత్తరాల కంటే ముందు దాన్ని కొత్త ఫ్లాపీలోకి ఎక్కించుకున్నాను.

పొద్దుపోయేసరికి ఉత్తరాలన్నీ అచ్చయ్యాయి. షావుకారుగారు కోసిన అట్టలు చూసి ఇదేంటని అడిగారు. నా పొరపాటేనని చెప్పబోయాను. పుష్పావతిగారు అడ్డొచ్చారు.

"నేను పాడుచేశానండీ. ఈ పిల్ల బాగుచేసింది. ఉద్యోగం మాట ఇంకెత్తకండి."

ఆయన ఎత్తలేదు. ఆ పూట ఆవిడంటే నాకు చెప్పలేనంత ఇష్టం కలిగింది.

మరుసటి ఏడు ఆవిడ పసుపు గిన్నెతో వచ్చేసరికి జాబితా ఒకటి సొరుగులో, ఒకటి మా ఇంట్లో ఉంది. మూడో ఫ్లాపీ, ఖాళీది, ఆవిడ చేతికిచ్చాను. అందులో ఏమీ లేదని ఆవిడకి చెప్పాను కూడా. అయినా నాలుగు మూలలా పసుపు రాసి, కిటికీ మీద బొట్టు పెట్టి, నా పేరు చెప్పి దణ్ణం పెట్టుకున్నారు. మిగతా ఫ్లాపీలన్నీ ఎప్పుడో పారేశాను. అదొక్కటే ఉంచుకున్నాను.