గుడ్డ మిగిల్చే ప్రోగ్రాం

ఆ పిల్ల రాసిన ప్రోగ్రాం చూస్తే ఎవరైనా ముక్కున వేలేసుకోవాల్సిందే. చొక్కా కొలతలిస్తే చాలు, ఏ ముక్కను గుడ్డ మీద ఎటు తిప్పి పరిస్తే తక్కువ గుడ్డ పడుతుందో బొమ్మ గీసి చూపిస్తుంది. అసలు విద్య తల్లిది. చేతుల ముక్కను తలకిందులు చేసి, మెడ దగ్గర మిగిలిన వంపులో కాలరు ఇరికించి కోయడం ఆవిడ ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పనే. పిల్ల కుట్టుమిషను పక్కన కూర్చుని చూసి చూసి దాన్ని లెక్కలోకి ఎక్కించేసింది.

పిల్లలు రాసిన ప్రోగ్రాంలు చూడడానికి బడికి బయటినుంచి పెద్దవాళ్ళు వస్తున్నారన్నారు. నచ్చితే పెద్ద బడిలో కంప్యూటర్ చదువుకు సీటు. తల్లికి రెండు రోజులు ముద్ద దిగలేదు.

"ఎక్కడ నేర్చుకున్నావంటే ఏం చెప్తావే?"

"నీ దగ్గరని."

"నీ మొహం! కత్తెరా, సూదీ అంటే నవ్విపోతారు. వాళ్ళంతా చదువుకున్న ఇళ్ళవాళ్ళు. పుస్తకంలో చూశానని చెప్పు. మా అమ్మ కుడుతుందని మాత్రం అనకు, నీకు పుణ్యముంటుంది."

మంచిమాట చెవికెక్కదు గానీ, ఇలాంటివి పిల్లలకి ఒక్కసారి చెప్తే చాలు. ఏం ఖర్మో!

వాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. సీటు రాలేదు. తల్లి కుడుతున్న బట్ట మిషను మీదే వదిలేసి బడికి పరుగెత్తింది. కంప్యూటర్ గదిలో టీచర్ పిల్లను కూడా పిలిచింది.

"అందరికంటే మీ అమ్మాయిదే బాగుందమ్మా. పుస్తకంలో చూశానంది, ఏ పుస్తకమంటే చెప్పలేకపోయింది. ఇంట్లో ఎవరైనా కుట్టుపని చేస్తారా అంటే లేరంది. దాంతో ఎవరో రాసిచ్చారనుకున్నారు. అసలు ఇంటి పనిలోంచి పుట్టిన వాటికోసమే వాళ్ళు వచ్చింది!"

"అయ్యో, అది నా పనేనండీ! నేనే దర్జీని. నన్ను చూసే నేర్చుకుంది. పాపిష్టిదాన్ని, నేనే చెప్పొద్దన్నాను!"

టీచర్ మొహం విప్పారింది. "అయితే ఇప్పుడే ఫోన్ చేస్తాను, మళ్ళీ చూస్తారు. కానీ అమ్మాయి తన నోటితో చెప్పాలి. చెప్పమ్మా, మీ అమ్మ దగ్గరే నేర్చుకున్నావా?"

చుట్టూ కంప్యూటర్ల ముందున్న పిల్లలు తలలెత్తి చూశారు. తల్లి ఒంటినిండా దారప్పోగులు. పిల్ల వాటిని చూసింది, తోటిపిల్లల్ని చూసింది. సిగ్గుతో దాని మొహం కందిపోయింది.

"చెప్పవే, నా తల్లీ!" తల్లి బతిమాలింది.

"పుస్తకంలోదే టీచర్," అంది పిల్ల తల దించుకుని. "మా అమ్మకేం తెలీదు."