బజారు ఫీడరు మీద తోడల్లుళ్ళు

మామగారు లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషి. ఇద్దరు కూతుళ్ళనీ లైన్‌మన్లకే ఇచ్చాడు. అల్లుళ్ళిద్దరిదీ ఒకే సెక్షన్. పెద్దల్లుడు ఏళ్ళ తరబడి బజారు ఫీడరు చూశాడు. ఆ లైన్లోకి పంపిన కరెంటులో ఐదో వంతు మీటర్లకు చేరకుండానే మాయమయ్యేది. పాత తీగలు, కిక్కిరిసిన దుకాణాలు, ఎవడు చేసినా ఇంతేనని నలుగురితో చెప్పి చెప్పి తనూ నమ్మేశాడు.

అలాంటి ఫీడరు చిన్నల్లుడి చేతికొచ్చింది. వదులైన అతుకులు వేడెక్కి కరెంటు తింటున్నాయని అతను ఒక్కొక్కటే విప్పి బిగించాడు. ఒకే ఫేజు మీద పడ్డ దుకాణాల భారాన్ని మూడింటికీ పంచాడు. కరెంటు లాగేందుకు తీగలకు తగిలించిన దొంగ కొక్కేలు పీకించాడు. ఏడాది తిరక్కుండా నష్టం సగానికి దిగింది. ఇంజనీరు అందరి ముందూ భుజం తట్టాడు. ఆదివారం భోజనాల దగ్గర మామగారు, "పనంటే నీదయ్యా," అన్నాడు చిన్నల్లుడితో. పెద్దల్లుడు కంచంలో అన్నం వదిలేసి లేచాడు. తనను ఆయన కష్టపడే మనిషి అన్నాడే గాని, ఆ మాట ఏనాడూ అనలేదు.

అప్పటినుంచి తోడల్లుడు ఎక్కడ జారతాడా అని అతని కళ్ళు వెతుకుతూనే ఉన్నాయి. ఒకరోజు ప్రెస్సు వీధిలో అతుకు మార్చడానికి చిన్నల్లుడు లైన్ ఆపించాడని తెలిసి, ఏదో పనున్నట్టు అటే నడిచాడు. దర్జీ కొట్టు పక్కన నిలబడి తలెత్తి చూశాడు. స్తంభం మీద చిన్నల్లుడు టెస్టరు పెట్టి, తీగలో కరెంటు లేదని చూసుకున్నాడు. సబ్‌స్టేషన్ వైపు తీగలకు, పొరపాటున కరెంటొస్తే నేలలోకి పోయేలా, ఎర్త్ రాడ్లు తగిలించాడు. బజారు వైపు కూడా తగిలించాలి, తగిలించలేదు.

పెద్దల్లుడి గుండె పొంగింది. దొరికాడు! ఇంజనీరుతో ఏమని చెప్పాలో మాటలు కూర్చుకుంటుండగానే ప్రింటింగు ప్రెస్సులో జనరేటరు దడదడలాడింది. ప్రెస్సువాడు మెయిన్ స్విచ్ ఆపకుండానే జనరేటరు కలిపేసే రకం. అలా కలిపితే కరెంటు వెనక్కి తీగల్లోకి తన్నుతుంది. పైన చిన్నల్లుడు పాత అతుకు కోసేసి, బజారు వైపు తీగ కోసం చెయ్యి చాస్తున్నాడు.

"చెయ్యి తియ్యరా! వెనకనుంచి వస్తోంది!"

ఇన్నేళ్ళలో అతన్ని 'రా' అనడం అదే మొదలు. చిన్నల్లుడు చెయ్యి లాక్కున్నాడు. టెస్టరు చూపిస్తే ఎర్రగా వెలిగింది. కిందికి దిగి రోడ్డు మీదే కూలబడ్డాడు.

పెద్దల్లుడు చెప్పాలనుకున్న తప్పును సాయంత్రానికల్లా చిన్నల్లుడే వెళ్ళి ఇంజనీరుకు చెప్పేశాడు. తర్వాత మామగారింట్లో అందరి ముందూ, "రెండో వైపు రాడ్లు పెట్టకపోవడం నా తప్పే. అన్నయ్య నన్ను కనిపెట్టుకుని ఉండబట్టి బతికాను," అన్నాడు. మరదలు కళ్ళొత్తుకుంటూ బావకు దండం పెట్టింది. మామగారు చిన్నల్లుణ్ణి కడిగేసి, చివరికి మెత్తబడి, "ఒప్పుకోవడానికీ గుండె కావాలిలే," అన్నాడు. ప్రాణం నిలబెట్టింది పెద్దల్లుడైతే, ఆ పొగడ్త కూడా అటే పోయింది.

ఇంటికొచ్చాక భార్య అడిగింది.

"మీకు ఆ వీధిలో పనేంటి?"

అతను చొక్కా విప్పి వంకెకు తగిలించి, స్నానానికి వెళ్ళిపోయాడు.

బజారులో ఉన్న జనరేటర్లన్నీ ఇద్దరూ కలిసి తనిఖీ చెయ్యమని ఇంజనీరు ఆర్డరు వేశాడు. దారి పొడవునా దుకాణాలవాళ్ళు ముందు చిన్నల్లుణ్ణే పలకరించారు. పెద్దల్లుడికి కడుపు మండుతూనే ఉంది. అయినా, తోడల్లుడు ప్రెస్సువాడి స్విచ్ పెట్టె తెరవబోతే మణికట్టు పట్టుకుని ఆపి, "ఉండు, కరెంటుందేమో ముందు నన్ను చూడనీ," అన్నాడు.