ఇస్త్రీ పెట్టె దీపం

ఆ ఫోటోగ్రాఫర్ల సంఘంలో మనుషుల్ని మెడలోని పట్టీని బట్టి గుర్తుపట్టేవారు. ఒక్కో కంపెనీ కెమెరాకి ఒక్కో రంగు పట్టీ. నీలంగా ఉంటే ఒక జట్టు, నారింజ రంగులో ఉంటే ఇంకో జట్టు. టీ తాగడానికి వెళ్ళినా ఎవరి బల్ల వాళ్ళదే. నీలం వాళ్ళకి నారింజ కెమెరాతో తీసిన ముఖాలు కామెర్లు వచ్చినట్టు కనిపిస్తాయి. నారింజ వాళ్ళకి నీలం కెమెరాతో తీసిన ముఖాలు సున్నం కొట్టినట్టు కనిపిస్తాయి. "మీ అమ్మాయికి సంబంధం చూస్తున్నారట, అబ్బాయిది ఏ పట్టీ?" అని అడిగి నవ్వుకునేవాళ్ళు. నవ్వులాటే గానీ, లోపల కొంత నిజం లేకపోలేదు.

నీలం జట్టుకి పెద్ద బాబాయి. అందరికీ బాబాయే అయినా, స్టాండమ్మకి మాత్రం సొంత బాబాయి, నాన్న తమ్ముడు. ఆమెకి ఆ పేరు పెట్టింది కూడా ఆయనే. పన్నెండో తరగతి అయిపోగానే ఆమెని స్టూడియోలో పెట్టుకుని ఆరేళ్ళు లైటు స్టాండు పట్టించాడు. చేతులు నొప్పి పుట్టి కాస్త వంగితే, "ఏమే స్టాండమ్మా, ఇనప స్టాండుకి లేని నొప్పి నీకెందుకే?" అనేవాడు. పని నేర్పలేదని అనడానికి లేదు. నేర్పాడు. నేర్పిన ప్రతిదానికీ నలుగురి ముందు ఒక ఎత్తిపొడుపు కూడా జత చేసేవాడు.

ఆమె ఒక పాత నారింజ కెమెరా కొనుక్కుంది. అప్పటికే ఇద్దరి చేతులు మారిన కెమెరా అది. బాబాయి దాన్ని రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకని ఎత్తినట్టు ఎత్తి చూసి, "మన ఇంట్లోకి ఇదెలా వచ్చిందే?" అన్నాడు.

మూడేళ్ళ కిందట చేతిపనుల వాళ్ళ ఫోటోలు తీసే పని ఒకటి వచ్చింది. ఇద్దరూ ఒక ముసలి దర్జీ కొట్టుకి వెళ్ళారు. మధ్యాహ్నం బాబాయి కెమెరా బ్యాటరీ అయిపోయింది. దాన్ని చార్జింగుకి పెట్టి ఆయన భోజనానికి వెళ్ళాడు. అప్పుడు దర్జీ ఒక కన్ను మూసి, నాలుక చివర పళ్ళ మధ్య పెట్టుకుని, సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. కిటికీలోంచి వచ్చిన వెలుగు సరిగ్గా ఆ దారం మీద పడింది. వెనకంతా చీకటి. స్టాండమ్మ ఊపిరి బిగబట్టి తన కెమెరాతో ఒక్కసారి నొక్కింది. రెండోసారి నొక్కేలోపు దారం ఎక్కిపోయింది.

లోపలి కార్డు స్టూడియోది. సాయంత్రం బాబాయి కార్డులన్నీ ఖాళీ చేసుకున్నాడు. రెండు నెలల తరువాత ఆ ఫోటోకి పెద్ద బహుమతి వచ్చింది, బాబాయి పేరు మీద. నీలం కంపెనీ వాళ్ళు ఆయన్ని పిలిచి శాలువా కప్పి, తమ కెమెరా గొప్పతనానికి ఆ ఫోటోనే సాక్ష్యం అన్నారు. సంఘం వాళ్ళు దాన్ని పెద్దదిగా వేయించి హాల్లో గోడకి తగిలించారు.

"బాబాయ్, అది నేను తీసింది కదా" అని ఆమె అడిగింది.

"స్టూడియోలో ఎవరు నొక్కినా స్టూడియోదేనే" అన్నాడాయన. అక్కడితో ఆగి ఉంటే ఆమె కూడా మింగి ఊరుకునేదేమో. మరుసటి వారం సంఘంలో ఎవరో, "మీ అన్న కూతురు కూడా బాగా తీస్తుందటగా" అంటే, "దానికా? స్టాండు పట్టుకోవడం బాగా వచ్చు" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్విన వాళ్ళలో ఎవరెవరున్నారో ఆమెకి ఈ రోజుకీ వరస తప్పకుండా గుర్తే.

ఇంటికి వచ్చి అమ్మకి చెబితే అమ్మ గిన్నె తోముతూ తల ఎత్తకుండానే, "బాబాయే కదే, పరాయివాడా?" అంది. "పరాయివాడైతే పోలీసులకి చెప్పేదాన్ని" అని స్టాండమ్మ తన గదిలోకి వెళ్ళిపోయింది. మరునాడే స్టూడియో మానేసి, సొంతంగా ఒక చిన్న గది తీసుకుంది.

ఆమె కెమెరాకి ఒక జబ్బు ఉండేది. లోపల వెలుగుని పట్టే పలక మీద ఒకచోట చిన్న నలుసంత భాగం చచ్చిపోయి, ఎప్పుడూ ఎర్రగానే పడేది. ఏ ఫోటో తీసినా ఎడమవైపు పైన, ఎప్పుడూ అదే చోట, ఒక ఎర్ర చుక్క. బాగు చేయించుకోమని కెమెరాలు బాగుచేసే అతను చెప్పాడు. ఆమె చేయించలేదు. ప్రతి ఫోటోలోనూ కూర్చుని ఆ చుక్కని చెరిపేది. పెళ్ళికూతురి జడ మీదా, పసిపిల్లల నుదుటి మీదా, పాస్‌పోర్టు ఫోటోల గోడ మీదా చెరిపింది. చెరిపిన ప్రతిసారీ బాబాయి గుర్తొచ్చేవాడు. అలా కొన్ని వేలసార్లు. కోపం మామూలుగా కాలంతో పాటు చల్లారుతుందంటారు. రోజుకి నలభైసార్లు ఊదుతుంటే ఎక్కడ చల్లారుతుంది?

దర్జీ ఫోటోలో ఆ చుక్క అలాగే ఉండిపోయింది. పోటీ నియమం ప్రకారం ఫోటోని దిద్దకూడదు, అంచులు కోయకూడదు. బాబాయి దిద్దలేదు. కానీ చుక్క ఏమిటని అడిగినవాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి కదా. కిందటేడు సంఘం సభలో మైకు పట్టుకుని ఆయన చెప్పింది స్టాండమ్మ చెవులారా విన్నది.

"ఆ ఎర్ర చుక్క ఏంటనుకుంటున్నారు? దర్జీ వెనక మూలలో ఇస్త్రీ పెట్టె ఉంది. దాని దీపం వెలిగి ఆరుతూ ఉంటుంది. ఆ దీపం వెలిగే క్షణం కోసం గంటసేపు కాచుకుని కూర్చున్నాను. ఆ చుక్క లేకపోతే ఆ ఫోటోకి ప్రాణమే లేదు."

చప్పట్లు మోగాయి. ఆ కొట్లో ఇస్త్రీ పెట్టే లేదు. ముసలాయన ఇస్త్రీకి బట్టలు పక్క వీధికి పంపేవాడు. స్టాండమ్మ కూడా చప్పట్లు కొట్టింది. ఆ రోజు అందరికంటే గట్టిగా కొట్టింది ఆమే.

సంఘంలో ఏడాదికోసారి రెండు కంపెనీల కెమెరాలనీ పోల్చి చూసే పద్ధతి ఉంది. పెట్టెలోంచి తీసిన కొత్త కెమెరాలు పనికిరావు. కొత్తలో అన్నీ బాగానే ఉంటాయి, మూడేళ్ళు చాకిరీ చేశాక ఎలా ఉందన్నదే మనలాంటి వాళ్ళకి కావాలని పెద్దలు పెట్టిన నియమం. ఒకే మనిషిని, ఒకే కిటికీ దగ్గర, రెండు వాడిన కెమెరాలతో మూడేసి ఫోటోలు తీస్తారు. దిద్దకుండా, కోయకుండా, ఒకే కొలతలో వేయించి గోడకి పెడతారు. ఏది ఏ కెమెరాదో రాసిన చీటీ కార్యదర్శి జేబులో ఉంటుంది. పెద్దల్లో ఒకరు చూసి తీర్పు చెప్పాక చీటీ విప్పుతారు.

ఈసారి ఫోటోలు నేను తీస్తాను, నారింజ కెమెరా నాదే వాడతానని స్టాండమ్మ చెయ్యెత్తింది. ఎప్పుడూ వెనక వరసలో కూర్చునే పిల్ల అడిగిందని కార్యదర్శి మురిసిపోయి ఒప్పుకున్నాడు.

ఆమె లెక్క సూటిగా ఉంది. ఈసారి తీర్పు చెప్పేది బాబాయే, ఆయనది గద్ద కన్ను. నారింజ కెమెరాలో లోపం కనబడితే ఆయన నోరు ఊరుకోదు. చుక్క మీద వేలు పెట్టి, ఇది కెమెరా లోపమని నలుగురి ముందూ ఆయనే చెప్పాలి. అప్పుడు ఆమె ఆ వేలిని గోడ మీది దర్జీ దాకా నడిపిస్తుంది. ఆ ఫోటో కింద ఆమె పేరు పడాలి. దానికి బాబాయి నోరే సంతకం పెట్టాలి.

ఆదివారం పొద్దున పదింటికి హాలు నిండింది. ఒక గోడకి, హాలు కాపలాదారుని కిటికీ దగ్గర నిలబెట్టి ఆమె తీసిన ఫోటోలు ఆరు. ఒకటో నంబరు కింద మూడు, రెండో నంబరు కింద మూడు. ఎదుటి గోడకి దర్జీ. అన్నీ ఒకే కొలత. నీలం కంపెనీ మనిషి, పాతికేళ్ళ కుర్రాడు, నీలం టై కట్టుకుని ముందు వరసలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

బాబాయి ఒకటో నంబరు ముందు నిలబడి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "చూశారా చర్మం? వెన్నలా ఉంది. తెల్ల చొక్కాలో మడతలన్నీ లెక్కపెట్టుకోవచ్చు. ఇది ఎవరిదో నేను చెప్పాలా?"

"చీటీ విప్పకముందే చెప్పేస్తున్నావేంటి బాబాయ్?" అని నారింజ బల్ల నుంచి ఎవరో అన్నారు.

"కన్నబిడ్డని గుర్తుపట్టడానికి చీటీ కావాలట్రా?"

నవ్వులు. ఆయన రెండో నంబరు వైపు జరిగాడు. మొదటిది చూసి పెదవి విరిచాడు. రెండోది చూసి, "పాపం, కామెర్లు" అన్నాడు. మూడోదాంట్లో కాపలాదారు వెనకంతా చీకటి మూల. దగ్గరికి వెళ్ళాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"ఇదిగో, ఇక్కడ చూడండి, ఎడమ పక్కన ఎర్ర..."

వేలు చుక్కకి బెత్తెడు దూరంలో ఆగిపోయింది. స్టాండమ్మ ఆ వేలినే చూస్తోంది. అది నెమ్మదిగా ముడుచుకుంది. ఆయన మొదటి ఫోటో వైపు చూశాడు, రెండోదాని వైపు చూశాడు. ఎదుటి గోడ వైపు మాత్రం చూడలేదు. చూడకుండా ఉండటానికి మెడ ఎంత బిగబట్టాడో ఆమెకి అక్కడి నుంచే కనబడింది.

"ఎర్ర ఏంటి బాబాయ్?" అన్నాడు కార్యదర్శి.

"ఏం లేదు. దుమ్ము."

"దుమ్మైతే తుడవండి బాబాయ్" అంది స్టాండమ్మ. హాల్లో ఆమె గొంతు విన్నవాళ్ళు తక్కువ. కొందరు వెనక్కి తిరిగి చూశారు.

ఆయన జేబురుమాలు తీసి తుడిచాడు. చుక్క పోలేదు. రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, గొంతు సవరించుకుని, ఎవరూ కలలో కూడా అనుకోని మాట అన్నాడు.

"నా తీర్పు రెండో నంబరుకి."

హాల్లో కలకలం రేగింది. నారింజ బల్ల వాళ్ళు బల్ల చరిచారు. నీలం కంపెనీ మనిషి కాలు కిందికి దించాడు. "సార్, ఇప్పుడే కదా వెన్న అన్నారు?"

"దగ్గర నుంచి చూస్తే తేడా తెలిసింది. కళ ముందు మొహమాటం ఉండకూడదు."

కార్యదర్శి చీటీ విప్పి చదివాడు. రెండో నంబరు నారింజదే. ఇరవై ఏళ్ళుగా నీలం పట్టీ తప్ప వేరేది ముట్టని మనిషి, నీలం కంపెనీ మనిషి ఎదురుగానే నారింజని గెలిపించాడు. ఆ కుర్రాడి ముఖం టై కంటే నల్లబడింది.

స్టాండమ్మకి ఇది లెక్కలో లేదు. ఆయన చుక్కని తిడతాడనుకుంది. చుక్క ఊసెత్తకుండా ఉండటం కోసం సొంత కంపెనీనే వదులుకుంటాడనుకోలేదు. ఆ ఫోటో ఆయనకి అంత కావాలన్నమాట. నాది కాబట్టి నాకు కావాలి. నాదని తెలిసీ ఈయనకి ఇంత కావాలా?

బాబాయి మెల్లగా ఆమె పక్కకి వచ్చాడు. నవ్వు ముఖం మీదే ఉంది, మాట మాత్రం పెదవులు దాటడం లేదు. "నీ కెమెరా గెలిచింది కదమ్మా. ఇక చాలు. ఆ చుక్క నేను బాగు చేయిస్తాను, రేపే."

ఇన్నేళ్ళలో ఆయన నోట అమ్మా అన్న మాట వినడం అదే మొదలు.

ఆమె సంచిలోంచి స్కేలు తీసింది. నేరుగా కార్యదర్శి దగ్గరికి వెళ్ళి, "బాబాయి దుమ్మన్నది దుమ్ము కాదండీ. నా కెమెరా లోపం. ఏది తీసినా అక్కడే పడుతుంది. ఎడమ అంచు నుంచి పదకొండున్నర సెంటీమీటర్లు, పై నుంచి ఏడు. మూడు ఫోటోల్లోనూ కొలవండి" అంది. కార్యదర్శి కొలిచాడు. మూడింటిలోనూ అంతే.

"అయితే ఏంటమ్మా? లోపం ఉన్నా గెలిచింది కదా."

"ఇప్పుడు అది కొలవండి" అని దర్జీ వైపు చూపించింది.

బాబాయి ఒంటికాలి మీద లేచాడు. "దానికీ దీనికీ ఏంటి సంబంధం? అది ఇస్త్రీ పెట్టె దీపం. కిందటేడు ఇక్కడే అందరికీ చెప్పాను."

"కాపలాదారు వెనక ఇస్త్రీ పెట్టె లేదు కదా బాబాయ్" అంది ఆమె.

కార్యదర్శి స్కేలు పట్టుకుని బాబాయి వైపు చూశాడు. అప్పుడు లేచింది నీలం కంపెనీ మనిషి. స్కేలు ఆయన చేతిలోంచి లాక్కున్నాడు. తన కంపెనీకి సాక్ష్యంగా నిలిచిన ఫోటో దగ్గరికి వెళ్ళి, కుర్చీ ఎక్కి, ముందుగా ఎడమ అంచు నుంచి, తరువాత పై నుంచి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. కుర్చీ మీదే నిలబడి చెప్పాడు.

"పదకొండున్నర. ఏడు."

రెండు పట్టీల వాళ్ళూ ఆ హాల్లో మొదటిసారి ఒకే వైపు చూశారు.

"ఇది మా కెమెరాతో తీసింది కాదా సార్?" అన్నాడు కుర్రాడు.

బాబాయి ఆ కుర్రాడి వైపు తిరిగాడు. "స్టూడియోలో రెండు కెమెరాలూ ఉండేవి. ఏ రోజు ఏది వాడానో..."

"అది మీరు వాడలేదు" అంది స్టాండమ్మ. "చచ్చిన ఎలుకని పట్టుకున్నట్టు ఒక్కసారి పట్టుకున్నారు, అంతే. ఆ మధ్యాహ్నం మీరు భోజనానికి వెళ్ళారు. నొక్కింది ఎవరు బాబాయ్?"

ఆయన ఆమె కళ్ళలోకి చూశాడు. ఇంటి పిల్లవి కదే, ఇక్కడితో వదిలెయ్యవే అని ఆ చూపు బతిమాలుతోంది. ఆమె ఆ చూపుని, స్టాండు పట్టుకున్నట్టే, కదలకుండా పట్టుకుంది.

"నువ్వే" అన్నాడాయన, నేల చూస్తూ, ఆమెకి మాత్రమే వినిపించేంత మెల్లగా.

మూడేళ్ళు ఈ ఒక్క మాట కోసం చూసింది. వింటే ఏడుపొస్తుందనుకుంది. ఏడుపు రాలేదు. కాళ్ళ కింద నేల గట్టిగా, హాయిగా ఉంది.

"వెనక వరసలో వాళ్ళకి వినబడలేదు బాబాయ్" అంది ఆమె. మైకు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "ఇంకోసారి చెప్పండి."