నూట అయిదు మీటర్లు

టేపు అబద్ధం ఆడదు కదా, ఆడితే మనుషులే ఆడాలి, అనుకుంటూ ఆమె బడి గేటు దగ్గర వంగి టేపు కొసను బంట్రోతు చేతికిచ్చింది, గట్టిగా పట్టుకో బాబాయ్ అంది, అతను సరేనమ్మా అని దగ్గాడు, ఆ దగ్గుకి ఆమె తలెత్తి చూసింది, నాన్న దగ్గూ అంతే, ముందు గొంతు సవరించుకున్నట్టు, తర్వాత లోపలెవరో బల్లలు ఈడుస్తున్నట్టు, చివరి ఆర్నెల్లూ ఇంట్లో ఆ చప్పుడు లేని గంట లేదు, ఆయన పోయి ఎనిమిదేళ్లయినా చప్పుడు మాత్రం ఇల్లు ఖాళీ చెయ్యలేదు, ఆఫీసులో ఆయన కుర్చీలోనే కూర్చుంటుంది తను, తండ్రి పోయినందుకు జాలిపడి ఇచ్చిన ఉద్యోగం, పొగాకు కొట్లకు లైసెన్సులిచ్చే సీటు, పొగాకు పొట్టన పెట్టుకున్న మనిషి కూతురికి పొగాకు సీటా, నవ్వాలో ఏడవాలో తెలీడం లేదే అని అమ్మ ఇప్పటికీ అంటుంది.

ముప్పై, చాక్‌పీసుతో గీత, మళ్లీ పట్టుకో బాబాయ్, బడికి వంద మీటర్ల లోపు పొగాకు అమ్మకూడదు, ఈ కొట్టు నూట అయిదులో ఉందని ఫైల్లో నాన్న అక్షరాలు, కొమ్ములు కాస్త సాగదీసి రాసేవారు, నాన్న కొలిచాక మళ్లీ కొలవడమేమిటి, కానీ పెద్ద పంతులమ్మ ఉత్తరం రాసింది, మా ఏడో తరగతి పిల్లల సంచుల్లో ఏం దొరుకుతున్నాయో ఒక్కసారి వచ్చి చూసుకోండి అని, అరవై, ఇంకో గీత, ఎండ గోడ మీద పడి కళ్లలో పొడుస్తోంది, పక్కనే ఎవరో నడుస్తున్నట్టుంది, తిరిగి చూస్తే ఎవరూ లేరు, చొక్కా జేబులో నలిగిన సిగరెట్టు పెట్టె వాసన మాత్రం వచ్చి పోయింది, మూడోసారి టేపు పూర్తిగా విప్పకుండానే కాలికి కొట్టు గడప తగిలింది, ఇరవై ఎనిమిది, అంటే ఎనభై ఎనిమిది, మళ్లీ కొలిచింది, ఎనభై ఎనిమిదే.

కొట్టు ముసలాయన ఇదంతా చూస్తూనే ఉన్నాడు, కూర్చో అమ్మాయ్ అని స్టూలు జరిపాడు, నూట అయిదు అని ఉంది కదండీ అంటే ఆయన బుకాయించలేదు, అదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది, మీ నాన్న అసలు కొలవలేదమ్మా, ఇదిగో ఇక్కడే నిలబడి ఒకటి వెలిగించి, ఎంత రాయమంటావురా అన్నాడు, నూరు దాటితే చాలన్నాను, నూటొకటి అంటే దొంగ లెక్కలా ఉంటుందిరా అని ఇంకో నాలుగు కలిపాడు, అని నవ్వబోయి ఆగిపోయాడు, ఆ ఆగిపోయిన చోట నాన్న నవ్వు వినిపించింది ఆమెకు, ముక్కుల్లోంచి పొగ వదులుతూ, పోయినవాళ్లని నిలదీయడానికి ఏ ఆఫీసుకెళ్లాలి, ఏమిటి నాన్నా ఇది అని ఎవరిని అడగాలి, ముసలాయన చేతులు కట్టుకుని, తప్పు మా ఇద్దరిదీ, వాడు పోయాడు, నేను ఇవాళో రేపో, ఈ నాలుగు రోజులూ ఉండనివ్వమ్మా, ఈ వయసులో ఇంకోచోట నాకెవరు చోటిస్తారు, అన్నాడు.

ఆమె ఒళ్లో ఫైలు తెరిచింది, నాన్న రాసిన కాగితం అన్నిటికన్నా అడుగున ఉంది, దాన్ని చేరడానికి పైవాటిని తిప్పాలి, ఏటేటా లైసెన్సు పొడిగించిన కాగితాలు, ఒకటి, రెండు, నూట అయిదు, నూట అయిదు, గుండ్రటి అక్షరాలు, ఎవరివివి అనుకుని ఒక్క క్షణం నిజంగానే పోల్చుకోలేకపోయింది, ఏడు కాగితాలు, ఏడు సంతకాలు, అన్నీ తనవే, కుర్చీలోంచి లేవకుండా, టీ చల్లారిపోతుందని, నాన్న రాసింది దిద్దేంత దాన్నా అని, పంతులమ్మ ఉత్తరంలోని పిల్లలు పలక పట్టుకుని బడిలో చేరిన ఏడాదే తన మొదటి సంతకం, వాళ్లు ఒక్కో తరగతీ ఎక్కుతుంటే తను ఒక్కో కాగితం ఎక్కించింది, నాన్న అబద్ధం ఆ ఏడాదితోనే తీరిపోయేది, దాన్ని చావనివ్వకుండా సాకింది తను, ఇన్నాళ్లూ తనే, క్షమించండి, కుదరదండీ, అంది ముసలాయనతో, ఆయన తల వంచుకుని గాజు సీసా మూత బిగించాడు, తనిఖీ కాగితంలో దూరం అన్నచోట ఎనభై ఎనిమిది అని రాసింది, తప్పుడు కొలత ఎవరిది అన్న గడి దగ్గర నాన్న పేరు మొదటి అక్షరం దాకా వెళ్లిన కలం ఆగింది, ఆ అక్షరం కొట్టేసి, పక్కనే తన పేరు రాసుకుంది.