మైనం గీకిన కత్తి

ఉండమ్మా మనవరాలా, "తుప్పు ముక్క" అని రాసేశావా? కొట్టెయ్. మీ తాత నోరు అరువు తీసుకుని చెబుతున్నాను, నిదానంగా రాసుకో. నేను ఒక గీకుడు కత్తిని. చమురు బావి గొట్టంలో మైనం గీకడం నా పని.

గోదావరి అవతలి బావుల్లో చమురు భూమి అడుగున సలసల కాగుతూనే ఉంటుంది. పైకొచ్చే దారిలో చల్లబడి, అందులోని మైనం చలికాలపు నెయ్యిలా గొట్టం గోడలకి పేరుకుంటుంది. పొద్దున గీకితే సాయంత్రానికి మళ్లీ పట్టేస్తుంది. అందుకే నాకు కుదురన్నది లేదు. సన్నటి ఉక్కు తీగకి కట్టి దించడం, లాగడం, తుడవడం, మళ్లీ దించడం. మైనానిది మొండితనం అని తిట్టేవాళ్లు మనుషులు. రోజూ దానితో గొడవకి దిగేదీ వాళ్లే.

తీగ మీద రెండు వేళ్లు ఆనించి నేను ఎంత లోతులో ఉన్నానో చెప్పేవాడు మీ తాత పెద్దిరాజు. వాల్వు చూసేవాడు నూకయ్య. నేను గీకుతున్నంతసేపూ ఆ వాల్వు తెరిచే ఉండాలి. పారే చమురే గీకిన మైనాన్ని పైకి మోసుకుపోతుంది.

మీ అమ్మ పుట్టిన రోజది. మీ అమ్మమ్మకి నొప్పులొస్తున్నాయని పొద్దున్నే కబురొచ్చింది. పదకొండు గంటల పంటు తప్పితే ఏరు దాటడానికి సాయంత్రం దాకా మరోటి లేదు. చమురు ఎదురుతన్నుతుంటే నేను మెల్లగా దిగుతున్నాను. మీ తాతకి కాలు నిలవడం లేదు. నూకయ్య మంచినీళ్లకి వెళ్లినప్పుడు, నేను తొందరగా దిగుతానని మీ తాతే వాల్వు కట్టేశాడు. దిగాను. గీకిన మైనమంతా పోయే దారిలేక నా నెత్తిన కూలింది. లాగితే రాలేదు. తీగ కీచుమంది. అది తెగితే నేను అడుక్కి పోతాను, బావి మూతపడుతుంది.

ఆఫీసరు వచ్చి, వాల్వు ఎవరు కట్టారని అడిగాడు. మీ తాత వంగి తీగ మీద చమురు తుడవసాగాడు. నూకయ్య తన చేతులకేసి చూసుకున్నాడు.

"పొద్దున నేనే కట్టి మర్చిపోయుంటానండి."

కాగిన చమురు పోసి పోసి సాయంత్రానికి నన్ను బయటికి తీశారు. బావి బతికింది. వంగిపోయానని నన్ను తుక్కులో వేశారు. నూకయ్యని పనిలోంచి తీసేశారు. వెళ్తూ వెళ్తూ మీ తాతతో అన్నాడు: "నా మతిని నేనే నమ్మలేకపోతున్నాను బావా."

తుక్కులోంచి మీ తాత నన్ను ఏరి గోనెసంచిలో తెచ్చాడు. అప్పట్నుంచి అటక మీదికి, మంచం కిందికి, మళ్లీ అటక మీదికి. పారేయలేడు, చూడలేడు.

నూకయ్య ఇప్పుడు యానాంలో కూతురి దగ్గర ఉన్నాడట. వీధిలోకి వెళ్లినవాడు గడియ పెట్టానా లేదా అని మూడుసార్లు వెనక్కొస్తాడట. చూపు ఆనక తనే చదువుకోలేడు. నువ్వు వెళ్లి ఇది చదివి వినిపించమ్మా. వాల్వు కట్టింది మీ తాత అన్న చోట ఆగి, ఆ ఒక్క ముక్కా రెండోసారి చదువు.