పక్కపక్కనే రెండు మెట్లు

నందలూరు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో పియానో వాయించే దొరసాని ఇంగ్లండు వెళ్ళిపోయాక, ఆ క్లబ్బులో జరిగే శనివారం డాన్సులకు ఇంకెవరూ దొరక్క డిక్రూజ్ దొర నన్ను పిలిపించాడు. ఆయన ఇంజను డ్రైవరు, డాన్సుల్లో శాక్సోఫోను ఊదుతాడు. నేను చర్చిలో హార్మోనియం వాయించేదాన్ని. మా ఆయన ఏసేపు లోకోషెడ్డులో ఫిట్టరు. "దొరలు ఎగిరేదానికి నువ్వు వాయించేదేంది కృపమణీ?" అని మూతి ముడుచుకున్నాడు. ముడుచుకోనీ. పియానో ముట్టుకునే భాగ్యం నాకు మళ్ళీ ఎప్పుడొస్తుంది?

ఆ డాన్సులకు కావలసిన జాజ్ అంటే పుస్తకం చూసి వాయించేది కాదట. దొర పియానో మీద ఐదు మెట్లు చూపించి, వీటితోనే అప్పటికప్పుడు అల్లుకుంటూ పోవాలన్నాడు. ఒక తెల్లమెట్టు, దాన్ని రాసుకుంటూ ఒక నల్లది. కాస్త ఎడంగా రెండు తెల్లవి, మళ్ళీ రాసుకుంటూ ఒక నల్లది. పక్కపక్క మెట్లు కలిపి నొక్కితే పళ్ళు జివ్వుమనేవి. ఇదేం సంగీతం, రాతి మీద కొడవలి గీసినట్టు, అనుకున్నాను.

"దూరం జరగొద్దమ్మా. ఆ రెండిటినీ కొట్లాడుకోనీ," అనేవాడు దొర.

కానీ నావి చర్చి చేతులు. ప్రతి కీర్తన చివరా 'ఆమేన్' అనే ముగింపు స్వరాలు వాయించి వాయించి అలవాటు పడ్డాయి. ఎంత రాపిడిలోకి వెళ్ళినా, చివరికి ఎడమ చెయ్యి తియ్యగా ఆమేన్ నొక్కేసేది. దొర పడీ పడీ నవ్వేవాడు.

"మళ్ళా జేసినావు! జాజ్‌కు దీవెనలు ఇస్తాండావా?"

నాకు ఒళ్ళు మండేది. ఆ వెంటనే నవ్వూ వచ్చేది.

ఆ వేసవిలో మా కొడుకు లేవికి జ్వరం తగిలింది. నాలుగేళ్ళ వాడు. తగ్గింది, కాస్త గంజి తాగాడు అనుకున్న పొద్దుటే పోయాడు.

మా అత్త రాహేలమ్మ వేంపల్లె నుంచి వచ్చి, వాకిట్లోనే నెత్తి కొట్టుకుంటూ శోకం ఎత్తుకుంది. "యాడికి పోతివి నాయనా, నన్నిడిసి యాడికి పోతివి..." ఆమె గొంతు పైకి లేచి, జారి, ఒకచోట గీరుకుంటూ ఆగేది. నేనూ ఆమెతో పాటు నోరు తెరిచాను. అంతలో అయ్యగారు వచ్చారు, మా పాస్టరు.

"రాహేలమ్మా, పునరుత్థానం నమ్మినోళ్ళు శోకాలు పెట్టగూడదు. అవి అన్యులకు. కీర్తన ఎత్తు."

అత్త నోరు మూసుకుంది. నాదీ మూతపడింది. కీర్తన పాడుతూనే బిడ్డను మట్టిలో పెట్టాం. "ఎంత విశ్వాసమో, కంట్లో చుక్క రానీలేదు" అని ఆడవాళ్ళు నన్ను మెచ్చుకున్నారు. మెచ్చుకున్న నోళ్ళలో ఇంత మట్టి కొట్టాలనిపించింది. అప్పట్నుంచి అన్నం దిగడం లేదు, ఏడుపూ రావడం లేదు. అది బయటికి రాకపోతే నేనూ బతకనని తెలుస్తూనే ఉంది.

డిక్రూజ్ దొర అప్పుడు ఊళ్ళో లేడు, డ్యూటీ మీద రాయచూరు వైపు పోయాడు. తిరిగొచ్చి, ఏమీ తెలియకుండానే కబురు పెట్టాడు. వెళ్ళాను. ఇంట్లో లేవి చొక్కాల వైపు చూస్తూ కూర్చోవడం కంటే అదే నయం.

ఐదు మెట్ల మీద చెయ్యి పెట్టి నొక్కాను. పక్కపక్క మెట్లు గీరుకున్నాయి. అత్త గొంతు ఆగిన చోటు అదే! పైకి లేచాను, జారాను, మళ్ళీ అక్కడికే వచ్చాను. యాడికి పోతివి నాయనా. ఎడమ చెయ్యి ఆమేన్ సంగతే మరిచిపోయింది.

"వచ్చేసిందమ్మా! ఇదే, ఇదే!" దొర కాలితో తాళం వేస్తూ, నేను వాయించిందాన్నే శాక్సోఫోనులో అందుకున్నాడు. నా బిడ్డ కోసం ఎత్తిన శోకం డాన్సు నడక నడిచింది. "శనివారం ఇదే వాయించల్ల. జనం ఎట్ల ఎగురుతారో చూడు."

ఆయన తప్పేముంది? అయినా శాక్సోఫోను పట్టుకుని కిందికి లాగాను.

"దీనికి ఎగరొద్దు దొరా. మా లేవి సచ్చిపోయినాడు."

ఆయన ముఖం పాలిపోయింది. దేవుని చిత్తం అనలేదు. ఓర్చుకో అనలేదు. శాక్సోఫోను పక్కన పెట్టి, "ఏడువమ్మా. ఈడ నిన్ను వద్దనేవాళ్ళు లేరు," అన్నాడు.

నోరు తెరిచాను. మిషన్ హాస్టల్లో పెరిగినదాన్ని, శోకం ఎట్లా ఎత్తాలో నాకు ఎవరూ నేర్పలేదు. వాడి పేరు పిలవబోతే గొంతులోంచి కీర్తన రాగమే వచ్చింది. నోరు మూసుకుని చేతులు మళ్ళీ మెట్ల మీదికే తెచ్చుకున్నాను. ఏసేపు షెడ్డు నుంచి వచ్చి భుజం పట్టుకునేదాకా నా బిడ్డ కోసం వేళ్ళతోనే ఏడ్చాను. కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి.